అత్తగారి దగ్గు, నేను ఎంచిన గాలి మిషను

మా వీధిని తవ్వి పద్నాలుగు నెలలైంది. మొదట నీళ్ళ పైపు వేయడానికి తవ్వారు. పైపు వేసి పూడ్చాక కేబుల్ వాళ్ళొచ్చి తవ్వారు. వాళ్ళ గునపం తగిలి పైపు పగిలింది కాబట్టి పైపు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ప్రస్తుతం ఎవరు తవ్వుతున్నారో, ఎందుకు తవ్వుతున్నారో తవ్వేవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. ఆఫీసుకు వెళ్తూ ఒకాయన్ని అడిగాను. "ఇక్కడేదో ఉండాలి సార్" అన్నాడు, గుంటలోకి చూస్తూ.

అదేదో వాళ్ళకి దొరికేలోపల వీధిలో మట్టంతా మా ఇంట్లోకి వచ్చేస్తోంది. మాది మొదటి అంతస్తు. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో రాయొచ్చు. మా ఆవిడ రాస్తుంది కూడా. మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీ మీద "బాత్రూం బల్బు" అని ఉంది. దాని కింద "రెండోసారి చెప్తున్నా" అని ఉంది.

దుమ్ముకు మా ఇంట్లో విరుగుడు ఒకటే, ప్లాస్టిక్ కవరు. టీవీ రిమోట్ కవరులో ఉంటుంది. ఏ మీట నొక్కుతున్నామో కనబడదు, అలవాటు మీద నొక్కుతాం. ఫ్రిజ్ పిడికి కవరు. నాలుగు కుర్చీలకూ కొట్లో వేసిన కవర్లే ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో కుర్చీలోంచి లేస్తే చర్మం లేచొచ్చినంత చప్పుడవుతుంది. వాడని కవర్లన్నీ ఒక పెద్ద కవరులో ఉంటాయి. ఇది మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి. వాళ్ళింట్లో గోడ గడియారానికి కూడా కవరుండేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు టైమెంతయిందో చూడాలంటే కుర్చీ ఎక్కి కవరు ముడతలు సర్దాల్సి వచ్చింది.

అయితే కవరు వెయ్యడానికి వీల్లేనిది మా ఇంట్లో ఒకటుంది. మా అత్తగారి ముక్కు.

అత్తగారు మా దగ్గరికొచ్చి ఏడాది కావస్తోంది. వచ్చిన రెండో వారం నుంచి దగ్గు. దుమ్ము వల్ల వచ్చిన దగ్గేనని డాక్టరు కూడా అన్నాడు, నేను కాదనను. కానీ ఆ దగ్గుకొక క్రమశిక్షణ ఉంది. టీవీలో వార్తలొచ్చేటప్పుడు రాదు. పక్కింటావిడ వచ్చి గంటన్నర మాట్లాడినా రాదు. నేను "నేనేమంటానంటే" అనగానే వస్తుంది. ఈ ఏడాదిలో నేను ఇంట్లో పూర్తిచేసిన వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో రెండు, రాంగ్ నంబరు వాళ్ళతో ఫోన్లో మాట్లాడినవి.

"కిటికీలు మూసుకుని, హాల్లో ఒక ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకోండి" అన్నాడు డాక్టరు. మా ఆవిడ వెంటనే ఫోను తీసి వాళ్ళ తమ్ముడికి చేసింది. ఆవిడ ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను.

ఎందుకు నన్నడగలేదో చెప్పాలి. మా ఇంట్లో పెద్ద వస్తువులు అప్పటిదాకా నేనే ఎంచాను. మూడేళ్ళ కిందట సోఫా ఎంచాను. చాలా మంచి సోఫా. మెట్ల మలుపు దగ్గర తిరగలేదు, అంతే. ఏ వాటంగా పట్టినా ఒక కాలు మిగిలిపోయింది. చివరికి కింద అంతస్తులో కుట్టుకొట్టు నడిపే టైలర్ మాస్టారు జాలిపడి, "తాత్కాలికంగా నా కొట్లో పెట్టండి సార్" అన్నాడు. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తోంది. మా సోఫా మీద కూర్చోవాలనిపిస్తే నేను చొక్కా గుండీ ఒకటి తెంపుకుని కిందికి వెళ్తాను.

ఆ తర్వాత ఫ్రిజ్ ఎంచాను. దాని తలుపు గోడవైపు తెరుచుకుంటుంది. పై అరలో ఏముందో చెయ్యి దూర్చి తడిమి తెలుసుకుంటాం.

ఆ సాయంత్రమే బావమరిది దిగాడు. అతన్ని చుట్టాలందరూ రివ్యూ అంటారు. సబ్బు కొన్నా, సంబంధం చూసినా ముందు ఎవరెన్ని చుక్కలిచ్చారో చూస్తాడు.

"అక్కా, అదిరిపోయేదొకటి చూశాను. నాలుగు వేల మంది ఐదు చుక్కలిచ్చారు" అన్నాడు, ఫోను అటూ ఇటూ తిప్పి చూపిస్తూ. "ఏడు రంగుల లైటుంది. పాటలొస్తాయి. గంటకోసారి సెంటు కూడా చల్లుతుంది."

"గాలి శుభ్రం చేస్తుందా?" అన్నాను.

"చెయ్యకపోతే నాలుగు వేల మంది ఎందుకిస్తారు బావా?"

"అది కాదురా, నేనేమంటానంటే, గది కొలతని బట్టి..."

"ఖళ్" అంది అత్తగారు.

"...గంటకెంత గాలి లాగుతుందో..."

"ఖళ్, ఖళ్."

"అమ్మ దగ్గలేక చస్తుంటే మీరు కొలతలంటారేమిటండీ?" అంది మా ఆవిడ.

మాటకయితే దగ్గు అడ్డమొస్తుంది, రాతకి రాదు. టీపాయి మీద దుమ్ములో వేలితో "నేనే ఎంచుతాను" అని రాశాను. ముగ్గురూ వంగి చదివారు.

మా ఆవిడ నడుం నిలబెట్టింది. "సరే, ఎంచండి. మా తమ్ముడే సాక్షి. ఇది కూడా తేడా కొట్టిందంటే ఇక మీదట ఈ ఇంట్లో ఏది కొన్నా వాడే ఎంచుతాడు. మంచంతో మొదలుపెట్టి."

మా మంచం కోళ్ళు ఊగుతున్నాయి, రెండు నెలల్లో కొత్తది కొనాలి. రివ్యూ ఇప్పటికే ఒకటి చూసిపెట్టాడు. అది గుండ్రంగా ఉంటుంది. తలవైపు స్పీకర్లుంటాయట. గుండ్రటి మంచానికి తలవైపు ఏదని అడిగితే, "అది మనిష్టం బావా, అదే దాని గొప్ప" అన్నాడు. నాకు నడుం నొప్పి. ఎత్తు ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ. మిగిలిన జీవితమంతా కాళ్ళు గాల్లో పెట్టుకుని పాటలు వింటూ పడుకోవాలా వద్దా అన్నది ఇప్పుడొక గాలి మిషను మీద ఆధారపడింది.

నేను ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తాను. అంటే చిన్న అక్షరాలు చదవడమే నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా జనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాలు చదివి, వాళ్ళకేమీ రాదని చెప్తూ ఉన్నాను. ఆ పట్టుదలతోనే గాలి మిషన్ల మీద పడ్డాను. గీతల నోటుబుక్కు కొని గళ్ళు గీశాను. గది సైజు ఒక గడి, చప్పుడు ఒక గడి, ఫిల్టరు రకం ఒక గడి, ఆ ఫిల్టరు రెండేళ్ళ తర్వాత కూడా దొరుకుతుందా అన్నది ఇంకో గడి.

హాలు కొలవడానికి టైలర్ మాస్టార్ని పిలిచాను. టేపు మెడలో వేసుకునే వచ్చాడు. గోడ దగ్గర వంగి, లేచి, మళ్ళీ వంగి, చెవి మీది పెన్సిల్ తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"ఛాతీ నూట అరవై ఎనిమిది, నడుము నూట నలభై నాలుగు సార్" అన్నాడు. ఆయన భాషలో పొడవు, వెడల్పు. "కొంచెం లూజు పెట్టమంటారా?"

నవ్వాను గానీ, తర్వాత చదివితే తెలిసింది, గాలి మిషన్లకి కూడా అదే సూత్రం. గదికి సరిగ్గా సరిపోయేది కాకుండా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. అప్పుడు తక్కువ స్పీడులో పెట్టుకున్నా గాలి శుభ్రమవుతుంది, చప్పుడూ తక్కువ. "లూజు" అని నోటుబుక్కులో ఒక గడి చేర్చాను.

మూడు వారాల్లో అయిదు కొట్లు తిరిగాను. అయిదో కొట్లో సేల్స్ కుర్రవాడు ఒక గాజుపెట్టెలోకి పొగ వదిలి, అందులో చిన్న మిషను పెట్టి, క్షణంలో పొగంతా మాయం చేసి నావైపు చూశాడు.

"మేం ఆ పెట్టెలో ఉండం బాబూ" అన్నాను.

ఇంకోదాని దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇది అయాన్లు వదుల్తుంది సార్. దుమ్ము దానంతటదే కింద పడిపోతుంది."

"పడ్డాక?"

"ఊడ్చుకోవాలి."

"ఇప్పుడు కూడా అదే చేస్తున్నాం."

"దీంట్లోంచి వాన వెలిశాక వచ్చే వాసనలాంటిది వస్తుంది సార్."

ఆ వాసన ఓజోన్‌ది. దగ్గున్నవాళ్ళ దగ్గర అలాంటిది పెట్టకూడదని నోటుబుక్కులో అప్పటికే ఎర్ర సిరాతో రాసుకున్నాను. తెరిచి చూపించాను. అతను రెండు పేజీలు తిరగేసి చాలా మర్యాదగా, "మీరేం చేస్తుంటారు సార్?" అన్నాడు. ఇన్సూరెన్సన్నాను. "అనుకున్నాను" అన్నాడు.

చివరికి దొరికింది. మూతపెట్టిన చెత్తబుట్టలా ఉండే తెల్లటి మిషను. లైటు లేదు, పాట లేదు, సెంటు లేదు. తిప్పే మీట ఒకటి, దాని మీద ఒకటి, రెండు, మూడు అంకెలు. లోపల మాత్రం అసలైన హెపా ఫిల్టరు, సన్న ధూళిని కూడా పట్టేసేది. మా హాలుకి ఒక సైజు లూజు. నా గళ్ళన్నిట్లోనూ టిక్కు పడ్డ మిషను అదొక్కటే.

ఇంటికి తెచ్చాం. పెట్టె మా ఆవిడ విప్పింది, అట్ట నలగకుండా. థర్మోకోలు ముక్కలు మంచం కిందికి పోయాయి. నేను మిషను ముందు రేకు ఊడదీసి ఫిల్టరు చూశాను. మడతలు మడతలుగా, తెల్లగా, పారదర్శకమైన మందపాటి ప్లాస్టిక్ కవరులో ఎంతో ముచ్చటగా ఉంది. కవరు అంచు పట్టుకున్నాను.

"అయ్యో, కవరు తియ్యకండి. ఫిల్టరుకి దుమ్ము పడుతుంది" అంది మా ఆవిడ.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట సబబుగా తోచడం నాకు అలవాటైపోయింది. రేకు మళ్ళీ బిగించాను.

మిషనుతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. వదల్లేదు, చదివాను. వృత్తిధర్మం కొద్దీ చివరి పేజీ నుంచి మొదలుపెట్టి వారంటీ షరతులన్నీ చదివాను. పిడుగు పడితే కంపెనీ పూచీ కాదు. వరదలో కొట్టుకుపోతే పూచీ కాదు. అలా వెనకనుంచి ముందుకొస్తూ నాలుగో పేజీ దాకా వచ్చేసరికి టీ పిలుపొచ్చింది.

మీట నొక్కాను. బుర్‌ర్‌ర్‌మంది. మామూలు బుర్రు కాదు, నిండా జనాన్నెక్కించుకున్న బస్సు ఎత్తు ఎక్కుతున్నప్పటి బుర్రు. దాని మీద పెట్టిన టీ గ్లాసు తనంతట తాను అంచుదాకా నడిచింది. నోటుబుక్కులో చప్పుడు గడిలో "బహు స్వల్పం" అని రాసుకున్నది గుర్తొచ్చి కొంచెం అనుమానించాను. కానీ అత్తగారు కళ్ళు మూసుకుని తల పంకించింది.

"బాగా లాగుతోంది అల్లుడుగారూ. చప్పుడు చూస్తేనే తెలుస్తోంది."

నాలుగో రోజు భోజనాల దగ్గర ఆ సంఘటన జరిగింది. నేను అలవాటు చొప్పున, "నేనేమంటానంటే, పైన నీళ్ళ ట్యాంకు కడిగించాలి" అన్నాను. నిశ్శబ్దం. మిషను బుర్రుమంటోంది. అత్తగారు ప్రశాంతంగా నమలుతోంది. వాక్యం పూర్తయింది. ఆ తర్వాతేం మాట్లాడాలో నాకు తోచలేదు. అంతదూరం ఎప్పుడూ వచ్చి ఎరగను.

అక్కణ్ణుంచి నా దశ తిరిగింది. పక్కింటావిడ వచ్చి మిషను ముందు నిలబడి మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, "కొండమీదున్నట్టుందొదినా" అంది. మా ఆవిడ ఫోన్లో ఎవరితోనో, "మా ఆయనే ఎంచారు. మూడు వారాలు చదివారు" అనడం నా చెవులతో విన్నాను. వంటింటి గుమ్మం వెనక నిలబడి ఇంకోసారి అంటుందేమోనని చూశాను. అంది. టీవీ మీదా బల్ల మీదా దుమ్ము మాత్రం మునుపటిలాగే పడుతూనే ఉంది. "ఇదంతా గాల్లోంచి దించేసిన దుమ్మే. ఎంత దించుతోందో చూడండి" అంది అత్తగారు. అందరం మెచ్చుకున్నాం.

రివ్యూ కూడా వచ్చాడు. మిషను చుట్టూ తిరిగాడు. "లైటు లేదు" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ఊపిరి పీల్చి, తల దించుకుని, "గాలి తేలిగ్గానే ఉందిలే" అన్నాడు. గుండ్రటి మంచం బొమ్మ ఫోన్లోంచి తీసేశాడో లేదో తెలియదు గానీ, ఆ రోజు చూపించలేదు. నేను నోటుబుక్కులో కొత్త పేజీ తీసి "మంచం" అని రాసి కింద గీత గీశాను. మొదటి గడిలో "నాలుగు మూలలు" అని రాశాను.

నా పేరు కిందికి కూడా పాకింది. కుట్టుకొట్టులో రోజంతా దూది పీచు ఎగురుతుంది కదా, టైలర్ మాస్టారు నన్నడిగి అదే కంపెనీ, అదే మిషను కొన్నాడు. మా మిషనొచ్చి అయిదు వారాలయ్యాక ఒకరోజు మెట్ల దగ్గర నన్నాపాడు.

"సార్, ఒకసారొచ్చి చూడాలి. నాకు డూప్లికేటు అంటగట్టినట్టున్నారు."

గుండీ తెంపుకోకుండానే వెళ్ళి మా సోఫాలో కూర్చున్నాను.

"మీదేమో పైన బుర్రుమంటుంటే మాకు స్లాబులోంచి వినబడుతుంది. మాది చూడండి, పిల్లిలా కూర్చుంది. మూడు మీద పెట్టినా మూలుగు తప్ప మాట లేదు."

క్లెయిము పరిశీలించడానికి వెళ్ళినప్పుడు వేసే మొహం వేసుకుని ముందు రేకు తీశాను. లోపల ఫిల్టరు బూడిదరంగు కంబళిలా ఉంది. నీలం పీచు, ఎర్రదారం ముక్కలు, ఎవరి కోటుదో నల్ల ఉన్ని. ఏదో తక్కువైంది. ఏమిటో వెంటనే తట్టలేదు.

"మాస్టారూ, దీని కవరేది?"

"ఏం కవరు సార్?"

"ఫిల్టరు మీద ఉంటుందే, ప్లాస్టిక్ కవరు."

"ఆరోజే తీసి పారేశా కదా. పుస్తకంలో మొదటి ముక్కే అది, బొమ్మేసి మరీ చెప్పాడు. తియ్యకపోతే గాలెట్లా పోతుంది?"

నేను సోఫాలోకి మెల్లగా దిగిపోయాను. మంచి సోఫా అని చెప్పాను కదా, బాగా దిగుతుంది.

మాస్టారు కుట్టుమిషను తొక్కడం ఆపాడు. నావైపు చూశాడు. తర్వాత తలెత్తి స్లాబువైపు చూశాడు. పైన బుర్రుమంటోంది.

"ఓహో" అన్నాడు.

నేను సోఫా గుడ్డ మీద దారప్పోగు ఏరాను.

"పెద్దమ్మగారికి దగ్గు తగ్గిందన్నారు?"

"తగ్గింది."

"కవరుతోటేనా?"

"మాస్టారూ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

"ఎంత మాట సార్. నాకెందుకు, నా పనేదో నాది." సూదిలో దారం ఎక్కించుకున్నాడు. "ఈ సోఫా గుడ్డ పాతబడింది. నాకు నచ్చిన రంగు వేద్దామనుకుంటున్నా. మీకేం అభ్యంతరం లేదు కదా?"

"లేదు."

"కాళ్ళు కూడా రెండంగుళాలు కోయిస్తా. నాకు ఎత్తవుతోంది."

"కోయించండి."

అలా ఆ సోఫా శాశ్వతంగా వెళ్ళిపోయింది.

మిషను అలాగే వదిలెయ్యొచ్చు. నాకా ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ నేనూ మనిషినే. అయిదు వారాలుగా అత్తగారు పీలుస్తున్నది వీధిలో మట్టేనని తెలిశాక అన్నం సయించలేదు. మర్నాడు ఆవిణ్ణి కళ్ళ డాక్టరు దగ్గరికి మా ఆవిడ తీసుకెళ్ళింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, రేకు ఊడదీసి, కవరు తీశాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీదుంచాను. మీట నొక్కాను.

చప్పుడు లేదు. ఆగిపోయిందనుకుని పైన చెయ్యి పెట్టాను. మెత్తటి గాలి, ధారగా వస్తోంది. అరగంట దాని ముందే కూర్చున్నాను. నా నోటుబుక్కులో ప్రతి గడీ నిజమైంది. గది సైజు సరి, చప్పుడు బహు స్వల్పం. జీవితంలో మొదటిసారి నేను సరైన వస్తువు ఎంచానని, సాక్షి ఒక్కరు కూడా లేనప్పుడు రుజువైంది.

సాయంత్రం వాళ్ళొచ్చారు. అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మిషను ఆపేశారా అల్లుడుగారూ?"

"లేదండీ, నడుస్తోంది."

"చప్పుడేదీ?"

"నేనేమంటానంటే, ఇప్పుడింకా బాగా..."

"ఖళ్" అంది అత్తగారు.

అయిదు వారాల విశ్రాంతి తీసుకున్న దగ్గది. ఎంత బలంగా వచ్చిందంటే కిటికీ దగ్గర పావురం ఎగిరిపోయింది.

మా ఆవిడ మిషనుకి చెవి ఆనించింది. ఒకటి, రెండు, మూడు తిప్పింది. "మూలుగుతోందంతే. రెండు నెలలైనా కాలేదు, గొంతు పోయింది." అప్పుడు నావైపు చూసింది. కొన్న కొత్తలో సోఫా వైపూ అలాగే చూసింది, తర్వాత ఫ్రిజ్ వైపూ అలాగే చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. "మిషను బాగుచేయించండి" అని రాయడానికి మా ఆవిడ టీవీ దగ్గరికి వెళ్ళింది. వేలితో రుద్దింది. అక్షరం పడలేదు. టీపాయి మీద ప్రయత్నించింది, పడలేదు. చివరికి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇల్లు శుభ్రంగా ఉందనడానికి ఆ కాగితాన్ని మించిన రుజువు లేదు. కానీ దాన్ని రుజువుగా చూపించాలంటే మొదటి నుంచీ మొత్తం చెప్పాలి. చెబితే, కవరు తియ్యొద్దన్నది మా ఆవిడేనని తేలుతుంది. అత్తగారి దగ్గు చప్పుడుతో తగ్గి నిశ్శబ్దంతో వస్తుందని తేలుతుంది. ఈ రెండూ నా నోటితో తేల్చి, నేను మళ్ళీ అదే ఇంట్లో భోజనానికి కూర్చోవాలి. దానికన్నా గుండ్రటి మంచమే నయం.

ఈలోగా ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. స్పీకర్లో పెట్టింది, నేను వినాలని.

"నేనప్పుడే అన్నా కదక్కా, లైటు లేదని" అన్నాడు రివ్యూ. "ఈ ఆదివారం కుదరదు. ఆ పై ఆదివారం పదింటికొచ్చి విప్పి చూస్తా. పుస్తకం తీసిపెట్టు, మొదటి పేజీ నుంచి చూసుకుంటూ పోదాం. బావా, వింటున్నావా? ఆ మంచం మీద ఇంకో రెండొందల మంది చుక్కలిచ్చారు."

నాకొకటే దారి కనబడింది. కవరు మళ్ళీ తొడిగేస్తే బుర్రు తిరిగొస్తుంది, బుర్రొస్తే దగ్గు పోతుంది, దగ్గు పోతే రివ్యూ రానక్కర్లేదు. గాలి సంగతి మంచం కొన్నాక చూసుకోవచ్చు. కుర్చీ దగ్గరికెళ్ళాను. కవరు లేదు. కవర్ల కవరంతా నేలమీద గుమ్మరించి వెతికాను. చొక్కాల కవర్లున్నాయి, రొట్టెల కవర్లున్నాయి, మూసేసిన చెప్పుల కొట్టు కవరుంది. అది లేదు.

"ఏం వెతుకుతున్నారు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు. కుర్చీ మీద ఒక మందపాటి కవరుండాలి."

"ఓ, అదా. ఎంత బాగుందో. ఎక్కడిదది?"

"ఆఫీసుది" అన్నాను.

"మిషను పుస్తకానికి వేశా. తమ్ముడు చూస్తాడు కదా, నలగకూడదని."

తెచ్చి చూపించింది. చాలా చక్కగా కత్తిరించింది, మూలలు మడిచి, తెరవడానికి వీల్లేకుండా చుట్టూ టేపు కూడా వేసింది. పారదర్శకమైన కవరు కాబట్టి మొదటి పేజీ మెరిసిపోతూ కనబడుతోంది. అక్షరాలు చదవక్కర్లేదు, బొమ్ముంది. ఒక చెయ్యి ఫిల్టరు మీంచి ప్లాస్టిక్ కవరు లాగుతోంది. పక్కన టిక్కు. ఆ బొమ్మ మీద ఆ కవరే ఉంది. మా ఆవిడ ఇంకా ఆ బొమ్మవైపు చూడలేదు. కవరు ఎంత నున్నగా కుదిరిందో చూస్తోంది.

నిన్న టైలర్ మాస్టారి దగ్గరికెళ్ళాను. సోఫా ఆకుపచ్చగా మారింది, పొట్టిదైంది. ఫిల్టరు కొలతలిచ్చాను.

"కుడతాను సార్, ప్లాస్టిక్కేగా. కానీ చేతిలో పెళ్ళివాళ్ళ ఆర్డరుంది. నెల పడుతుంది."

"ఆ పై ఆదివారానికి కావాలి మాస్టారూ."

"అర్జెంటన్నమాట." టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "మీ ఫ్రిజ్ తలుపు గోడవైపు తెరుచుకుంటుందట కదా? మా కొట్లో గోడ రెండోవైపుంటుంది సార్. సరిగ్గా సరిపోతుంది."

ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

ఇదీ సంగతి. ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఫ్రిజ్ ఇచ్చి కవరు కుట్టించుకుంటే, ఫ్రిజ్ కిందికెందుకు వెళ్ళిందో ఇంట్లో చెప్పాలి. పుస్తకం దాచేద్దామంటే అది టీవీ పక్కనే, అందరికీ కనబడేలా ఉంది. మిషను వెనక ఏ ఇనుప డబ్బానో కట్టి బుర్రు పుట్టించవచ్చా? పుట్టిస్తే వారంటీ పోతుందా? అది చిన్న అక్షరాల్లో చదివినట్టే ఉంది గానీ గుర్తు లేదు, పుస్తకానికి టేపు వేసేసింది కాబట్టి తెరిచి చూడలేను. నిజం చెప్పేసి బతికి బట్టకట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఎలా చెప్పారో, ముందు ఎవరికి చెప్పారో, తర్వాత ఎక్కడ పడుకున్నారో దయచేసి తెలియజేయండి. మీకు దణ్ణం పెడతాను. నాకు మంచి గాలి అక్కర్లేదు, నాలుగు మూలలున్న మంచం చాలు.

ఫోను మాత్రం చెయ్యకండి. నేను "నేనేమంటానంటే" అనేసరికి మీకు దగ్గు తప్ప ఇంకేమీ వినబడదు. కార్డు ముక్క మీద రెండు మాటలు రాసి పడేయండి, ఆ పై ఆదివారం పదింటిలోపల అందేలా. కవరులో పెట్టి పంపొద్దు. మా ఆవిడ తియ్యనివ్వదు.